మూత్రమార్గ నిరోధమును మూత్రపిండముల యెదుగుదలయు

కొన్నేండ్ల క్రిందట నా తరగతిలో ఒక బాలుడు చదువుచుండెను. ఈడునకు తగిన పొడవు లేదు. నీళ్ళసీసా ఎప్పుడును బల్లమీద నుండవలెను. గంటకొకసారి లేచి నిలుచుండి బయటికి పోవుటకు అనుమతి వేడుచుండెడివాడు. పాఠము తప్పించుకొనుటకే యిట్లు చేయుచున్నాడని తలచి, ఒకనాడు అందఱియెదుట వానిని మందలించి కూర్చుండబెట్టితిని. మఱునాడు ఉదయముననే తండ్రి వచ్చెను. ఆయన మాదాపూరులో ఒక కార్యాలయ భవనమునకు కావలివాడు. రాత్రి పని ముగించుకొని, నిద్రలేని కన్నులతో తిన్నగా పాఠశాలకు వచ్చినాడు. నాతో ఏమియు వాదింపక, మడతలు పడిన ఆసుపత్రి కాగితములను నా చేతిలో నుంచెను. బాలునికి పుట్టుకతోనే మూత్రమార్గమున అడ్డుపొర యుండెననియు, పుట్టిన కొలదిదినములకే దానిని తొలగించిరనియు, ఐనను మూత్రపిండములు రెండును తగినంత శక్తితో పనిచేయుట లేదనియు వానిలో వ్రాయబడియుండెను.

"మాష్టరుగారూ, అడ్డు తీసివేసి పదునొకండేండ్లాయెను. ఇంకను పిల్లవాడు ఎందుకు బాగుపడలేదు?" అని ఆయన యడిగెను.

మూత్రపిండపు పటమును నల్లబల్లపై చూడకయే గీయగలవాడను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో శరీరశాస్త్రమున మంచి గుణములు సంపాదించినవాడను. అయినను ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. ఈ వ్యాసము ఆయనకు ఆలస్యముగా ఇయ్యబడుచున్న సమాధానము. ఇతర తలిదండ్రులకును, పై తరగతుల విద్యార్థులకును ఉపయోగపడునని దీనిని మన పత్రికకు వ్రాయుచున్నాను.

మూత్రపిండములు వెన్నెముకకు ఇరుప్రక్కల, ప్రక్కటెముకల యడుగున, చిక్కుడుగింజ యాకారమున నుండునని చిన్నతరగతివారికిని తెలియును. రక్తమునుండి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము వీనియందు వడియగట్టబడును. అందులో లీటరున్నర మాత్రమే మూత్రమై వెలికి పోవును. తక్కినదంతయు మరల రక్తమునే చేరును. ఈ పని చేయు సూక్ష్మయంత్రమునకు నెఫ్రాను అని పేరు. సన్నని రక్తనాళముల చుట్ట యొకటి, దానిని పొదివికొనిన గిన్నె యొకటి, ఆ గిన్నెనుండి మెలికలు తిరుగుచు పోవు గొట్టము ఒకటి, ఇంతియే నెఫ్రాను. ఒక్కొక్క మూత్రపిండమున ఇవి సగటున పదిలక్షల వఱకుండును. అందఱికిని ఒకే లెక్క కాదు; కొందఱికి అందులో సగమునకంటె తక్కువ, కొందఱికి రెట్టింపు. గొట్టములన్నియు కలిసి మూత్రపిండము నడుమనున్న తొట్టివంటి భాగములోనికి మూత్రమును విడుచును. అచ్చటినుండి జానెడుకు మించిన పొడవుగల మూత్రనాళము దానిని మూత్రాశయమునకు చేర్చును. ఈ దారిలో ఎచ్చటనైనను అడ్డు కలుగవచ్చును.

అడ్డు కలిగిన యేమగును? మన విద్యార్థులలో పెక్కుమంది హైటెక్ సిటీ పరిసరములవారు గావున, దుర్గము చెఱువును చూడనివారుండరు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు త్రాగునీటి నిచ్చిన ఆ చెఱువు, 1998లో సైబర్ టవర్సు వెలసిన పిమ్మట అద్దాల మేడల నడుమ చిక్కుకొని, 2020 నుండి తీగల వంతెనను తలపై మోయుచున్నది. ఏ చెఱువునకైనను నీరు వచ్చు వాగును, నీరు పోవు తూమును, అలుగును ఉండవలెను గదా. తూము పూడిపోయి, వాగు మాత్రము పాఱుచున్న యెడల, నీరు వెనుకకు ఎగదన్ని పై పొలములను ముంచును. మూత్రనాళము మూసికొనిపోయినప్పుడు మూత్రపిండము నడుమనున్న తొట్టి యిట్లే ఉబ్బును. గొట్టములలోని ఒత్తిడి హెచ్చును. వైద్యులు దీనిని హైడ్రోనెఫ్రోసిస్ అందురు.

నేను చాలకాలము దీనిని ఇంతవఱకే యెఱిగియుంటిని. ఇంతవఱకే బోధించితిని కూడ. నీరు ఎగదన్నినది, అవయవము నలిగినది, అడ్డు తీసిన బాగుపడును అనుకొంటిని. ఈ లెక్క పండిన పొలమునకు కొంతవఱకు చెల్లును. నారుమడికి చెల్లదు. పండిన వరిచేను మూడు దినములు నీట మునిగినచో కొంత గింజ పోవును, కొంత మిగులును. విత్తనము మొలకెత్తుచున్న నారుమడి మూడు దినములు మునిగినచో నీరు దిగిన తరువాత చూచినను అచ్చట మొలకలు పలుచగానే యుండును. మరల విత్తుటకు అదను దాటినచో ఆ యేటి పంట అంతియే. గర్భస్థ శిశువు మూత్రపిండము నారుమడి. పెద్దవాని మూత్రపిండము పండిన చేను.

మూత్రపిండము ఎట్లు పుట్టునో చూతము. గర్భమున అయిదవ వారమున, మూత్రనాళము కాదగిన చిన్న మొగ్గ యొకటి బయలుదేరి, సమీపముననున్న ఒక కణసమూహములోనికి చొచ్చును. ఆ కణసమూహము మొగ్గను పిలుచును. పిలుచుట యనగా నోటితో కాదు. అది జి.డి.ఎన్.ఎఫ్. అను ప్రోటీనును స్రవించును. మొగ్గమీద రెట్ అను గ్రాహకము దానిని అందుకొనును. అందుకొనిన మొగ్గ రెండుగా చీలును, మరల నాలుగుగా చీలును, ఇట్లు కొమ్మలు రెమ్మలుగా వ్యాపించును. తాను వ్యాపించుచు చుట్టునున్న కణములకు మాఱుమాట పంపును. ఆ మాట విన్నచోటనెల్ల కణములు గుమిగూడి నెఫ్రానులుగా మాఱును. 1950వ దశాబ్దమున అమెరికాలో క్లిఫర్డ్ గ్రోబ్‌స్టైన్ అను శాస్త్రజ్ఞుడు చిట్టెలుక పిండమునుండి మొగ్గను, కణసమూహమును విడదీసి గాజుపాత్రలలో పెంచి చూచెను. విడివిడిగా ఉంచినప్పుడు వాని పని సాగలేదు. నడుమ సన్నని వడపోత పొర నుంచి చెరియొక వైపున పెట్టగా, ఒకదానినొకటి తాకకున్నను, కణసమూహమున గొట్టములు ఏర్పడసాగెను. ఏదియో పదార్థము ఆ పొర రంధ్రములగుండ మాటను మోసికొనిపోవుచున్నదన్న మాట. ఈ ప్రయోగమును తరగతిలో చెప్పినప్పుడు మాటలాడని పిల్లలు కూడ చేయియెత్తి ప్రశ్నలడిగిరి.

ఈ సంభాషణ గర్భమున ముప్పదియాఱవ వారము వచ్చునప్పటికి ముగియును. నెఫ్రానులలో సగమునకు మించినవి కడపటి మూడు మాసములలోనే యేర్పడును. ఆ తరువాత మనుష్యునికి ఒక్క క్రొత్త నెఫ్రానైనను పుట్టదు. పుట్టిననాడు ఎన్నియున్నవో అవియే జీవితకాలపు పెట్టుబడి. శిశువు ఎదిగినకొలదియు నెఫ్రానులు పెద్దవగును గాని హెచ్చు కావు. నా బాలుని తండ్రి యడిగిన ప్రశ్నకు సగము సమాధానము ఇచ్చటనే యున్నది.

తక్కిన సగమునకు ఎదుగుదల సందేశములను గూర్చి ఇంకొంచెము తెలిసికొనవలెను. 1962లో స్టాన్లీ కోహెన్ అను శాస్త్రజ్ఞుడు చిట్టెలుకల లాలాజల గ్రంథులనుండి ఒక ప్రోటీనును వేఱుచేసెను. దానిని అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్లలకు ఎక్కింపగా అవి కాలమునకు ముందే కనుఱెప్పలు విప్పెను; పండ్లును ముందుగానే వచ్చెను. దానికి ఎపిడెర్మల్ గ్రోత్ ఫాక్టర్ అని పేరు పెట్టిరి. ఇ.జి.ఎఫ్. అని పొట్టిపేరు. మనము చర్మవృద్ధికారకము అనవచ్చును గాని, అది చర్మమునకు మాత్రమే సంబంధించినది కాదు. కోహెన్ గారికి 1986లో, రీటా లెవీ-మాంటల్చీనీ అను విదుషితో కలిపి, నోబెల్ బహుమానము లభించెను. మూత్రపిండములు దీనిని తామే సమృద్ధిగా తయారుచేసికొనుచున్నవి. మూత్రములో కూడ అది విడువబడుచున్నది. గొట్టముల కణములకు అది చెప్పు మాట సామాన్యముగా ఇది: బ్రతుకుము, విభజించుకొనుము, పాడైనచోట పూడ్చుకొనుము.

దీనికి ఎదురుమాట చెప్పునది టి.జి.ఎఫ్. బీటా అను మఱియొక వృద్ధికారకము. అదియు దుష్టమైనది కాదు. గాయము మానునప్పుడు మచ్చకట్టుటకు అది కావలెను. కాని మితిమీరినప్పుడు పనిచేయు కణముల స్థానమున పనిచేయని నారకణజాలమును నింపును.

ఇక అడ్డు కలిగినప్పుడు ఈ రెండు మాటలు ఏమగుచున్నవో పరీక్షించుటకు శాస్త్రజ్ఞులు ఎలుకలను ఎన్నుకొనిరి. దానికొక మంచి కారణమున్నది. మనుష్యశిశువు నెఫ్రానులన్నిటితో పుట్టును. ఎలుకపిల్లకు పుట్టునాటికి కొలది నెఫ్రానులే యుండును. తక్కినవి తరువాతి వారము పదిదినములలో ఏర్పడును. కావున అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మూత్రపిండము, మూత్రపిండము మట్టునకు, తల్లికడుపులో నడిమాసములలోనున్న మనుష్యశిశువుతో సమానము. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయమున రాబర్ట్ షెవలియర్ గారును ఆయన సహచరులును పలు సంవత్సరములు ఈ పని చేసిరి. పుట్టిన ఎలుకపిల్లకు ఒకవైపు మూత్రనాళమును ముడివైచి, అయిదు దినముల తరువాత ముడి విప్పిరి. ఆ మూత్రపిండమున నెఫ్రానులు సుమారు సగమే యేర్పడెను. అంతటితో పోలేదు. ఒక సంవత్సరమునకు, అనగా ఎలుక బాగుగా పెద్దదైన తరువాత చూడగా, ఆ మూత్రపిండము వడియగట్టు శక్తి మిక్కిలి క్షీణించియుండెను. ముడి యుండినది అయిదు దినములే. దాని ఫలము బ్రతుకంతయు.

లోపల జరిగినదేమన, అడ్డుపడిన లేత మూత్రపిండమున ఇ.జి.ఎఫ్. తయారగుట పడిపోయెను, టి.జి.ఎఫ్. బీటా హెచ్చెను. ఉబ్బిన గొట్టముల గోడలలో కణములు సాగదీయబడినవై, విభజించుకొనుట మాని, తమంతట తామే చచ్చిపోవ నారంభించెను. కణములకు ఇట్లు క్రమపద్ధతిని చచ్చుటయు నేర్పబడియున్నది. తోకకప్ప కప్పగా మాఱునప్పుడు దాని తోక యట్లే పోవును. కాని ఇచ్చట పోవలసిన కాలము కాదు, పోవలసిన కణములును కావు. అనగా, నీటి ఒత్తిడి నలిపివేయుట ఒక నష్టము. ఎదుగుమను మాట వినబడకపోవుట మఱియొక నష్టము. రెండవదియే పెద్దది.

అట్లయినచో లోపించిన ఇ.జి.ఎఫ్. ను బయటినుండి ఇచ్చిన సరిపోదా యని తెలివిగల విద్యార్థి యడుగును. శాస్త్రజ్ఞులును అట్లే యడిగిరి. అడ్డుపడిన ఎలుకలకు దానిని ఎక్కింపగా, పిల్లలలోను, పెద్దవానిలోను గొట్టముల కణములు చచ్చుట తగ్గెను. సంతోషింపదగినదే. కాని 2005లో అదే ప్రయోగశాలవారు అప్పుడే పుట్టిన చిట్టెలుకలయందు ఇదే ప్రయోగము చేయగా, ఫలితము తలక్రిందులయ్యెను: ఇ.జి.ఎఫ్. కణమరణమును హెచ్చించెను! ఎలుకకును చిట్టెలుకకును మన కంటికి పరిమాణము తప్ప భేదమే లేదు. ఒకే మాట ఒకదానికి బ్రతుకుమనియు, మఱియొకదానికి చావుమనియు వినబడినది. మాట ఎవరు చెప్పిరన్నది కాదు, వినిన కణము ఏ స్థితిలో నున్నదన్నది లెక్క. ఈ కారణమున ఇంతవఱకు ఈ మందును మనుష్యశిశువులకు ఇచ్చు ధైర్యము ఎవరును చేయలేదు, చేయకుండుట మంచిదే. పత్రికలలో ఎలుకలకు నయమైనదని చదివి, ఆసుపత్రికి పరుగెత్తు తలిదండ్రులకు ఈ సంగతి చెప్పవలసియున్నది.

వయస్సును బట్టి మాట అర్థము మాఱుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము ఆంజియోటెన్సిన్. రక్తపుపోటును నిలుపు పదార్థమిది. మూత్రపిండమునుండి వెలువడు రెనిన్ దీని పుట్టుకకు మూలము. అడ్డుపడిన మూత్రపిండమున ఇది విజృంభించును. పెద్ద జంతువులలో దీనిని అణచు మందులిచ్చినచో నారకట్టుట తగ్గును. అందుచేతనే ఆ జాతి మందులను రక్తపుపోటు గలవారికిని, మూత్రపిండవ్యాధి గలవారికిని వైద్యులు వ్రాయుచుందురు. ఎదుగుచున్న మూత్రపిండమునకో, ఆ పదార్థమే యెదుగుదలకు ఆధారము. అడ్డుపడిన ఎలుకపిల్లలకు ఆ మందు లిచ్చినచో హాని హెచ్చెను. గర్భవతులు ఆ మందులను మ్రింగినచో అడ్డు ఏమియు లేకున్నను శిశువు మూత్రపిండములు చెడును. కావున పోటుబిళ్ళలు వాడుచున్న స్త్రీ గర్భము దాల్చగోరినప్పుడే ఆ సంగతి వైద్యునితో చెప్పవలెను. తనంత తాను మానుటయు తగదు, తెలియక కొనసాగించుటయు తగదు.

ఇప్పుడు పెద్దవారి సంగతి. మా విద్యార్థిని యొకతె తల్లి గచ్చిబౌలిలో ఒక సాఫ్టువేరు సంస్థలో ఉద్యోగిని. ఆమె మఱిదికి మూత్రనాళమున రాయి యడ్డుపడెను. పగలంతయు చల్లని గదిలో కూర్చుండి, దాహము తెలియక నీరు త్రాగక, సమావేశము ముగియువఱకు మూత్రము నాపుకొనుట అచ్చటివారికి అలవాటైపోయినది. నీరు తక్కువైన మూత్రము చిక్కబడి, అందలి లవణములు స్ఫటికములై రాళ్ళు కట్టుట మన యెండల దేశమున క్రొత్త కాదు. పురిటినొప్పులకు తీసిపోని బాధతో ఆయన ఆసుపత్రి చేరెను. రాయిని తీసివేసిరి, వారము దిరుగకముందే పనిలో చేరెను. అదే సంవత్సరమున ఆమెకు గర్భమున శిశువును పరీక్షించి, ఒక మూత్రపిండమున నీరు చేరినదని చెప్పిరి. "పెద్దవాడు వారములో లేచి తిరిగెను గదా, పసిబిడ్డ విషయమున ఏండ్లతరబడి చూడవలెనందురేమి?" అని ఆమె నన్నడిగెను. కావలివాని ప్రశ్నయే మఱియొక వైపునుండి వచ్చినది.

పెద్దవాని మూత్రపిండమున అడ్డు కలిగిన తొలిగంటలలో రక్తప్రవాహము కొంత హెచ్చి, తరువాత క్రమముగా తగ్గిపోవును. పసివానియందు వలెనే ఇ.జి.ఎఫ్. పడిపోవును, టి.జి.ఎఫ్. బీటా హెచ్చును, కణములు చచ్చును. తెల్లరక్తకణములు వచ్చి చేరి, నారకట్టు పని మొదలుపెట్టును. సందేశములు ఇంచుమించుగా అవియే. భేదమేమన, అచ్చట కట్టడము పూర్తియైనది. నెఫ్రానులు ఉన్నవి, దెబ్బతిన్న గొట్టములలో మిగిలిన కణములు విభజించుకొని ఖాళీలను పూడ్చగలవు. అడ్డు త్వరగా తొలగినచో చాలవఱకు కోలుకొనును. కుక్కలపై జరిగిన ప్రయోగములలో, పూర్తిగా మూసిన మూత్రనాళమును వారములోగా తెఱచినప్పుడు మూత్రపిండపు శక్తిలో మంచిభాగము తిరిగివచ్చెను. ఆఱు వారములు దాటినప్పుడు దాదాపు ఏమియు రాలేదు. కావున పెద్దవారు నిర్భయముగా నుండవచ్చునని నా భావము కాదు. నొప్పిలేని అడ్డు మఱింత ప్రమాదకరము. రాయి కదలక సగము మూసి నిలిచినను, ముసలివారికి పౌరుషగ్రంథి పెరిగి దారి నొక్కినను, నెలలతరబడి తెలియకయే మూత్రపిండము నారకట్టిపోవచ్చును. నొప్పి తగ్గినదని రాయి పోయినదనుకొని, మరల పరీక్ష చేయించుకొననివారు ఈ కోవలోనివారే.

ఒకవైపు మూత్రపిండము చెడినప్పుడు రెండవది పెద్దదై దాని పనిని కొంత తన పైన వేసికొనును. ఇదియు సందేశముల వలననే జరుగును. పసివానియందు ఈ పెరుగుదల మఱింత చురుకుగా నుండును. కాని పెరుగునది నెఫ్రానుల పరిమాణమే గాని సంఖ్య కాదని మరువరాదు. ఒకే యెద్దు రెండెద్దుల కాడిని లాగినట్లు, అది చాలకాలము లాగును. ఎంతకాలమన్నది వేఱు విషయము.

ఇచ్చట మన తెలుగువాని పేరు చెప్పక ముందునకు సాగజాలను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థయందు తన సహచరులతో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిన సంగతి మనకు గర్వకారణము. గర్భవతులకు నేడిచ్చు చిన్నబిళ్ళలలో నుండునది అదియే. అదే పదార్థమును మిక్కిలి పెద్దమోతాదున చిట్టెలుకలకు ఎక్కించినచో, అది మూత్రపిండపు గొట్టములలో స్ఫటికములుగా ఏర్పడి అడ్డుపడును. తరువాత గొట్టములు ఎట్లు తిరిగి పెరుగునో, ఎచ్చట నారకట్టునో చూచుటకు ప్రపంచమంతట ప్రయోగశాలలలో ఈ పద్ధతిని వాడుచున్నారు. తల్లులు భయపడవలదు, బిళ్ళలోని మోతాదునకును దానికిని పోలికయే లేదు.

మరల మా బాలుని యొద్దకు వత్తము. వానికుండిన అడ్డును పశ్చాన్మూత్రమార్గ కవాటములందురు. మగశిశువులకే కలుగును, అయిదువేలు మొదలు ఎనిమిదివేల మగశిశువులలో ఒకనికి రావచ్చునని లెక్క. బాల్టిమోరులో హ్యూ హాంప్టన్ యంగ్ అను వైద్యుడు 1919లో దీనిని స్పష్టముగా వర్ణించెను. పొర మూత్రాశయమునకు దిగువనుండును గనుక, రెండు మూత్రపిండములకును ఒకే దెబ్బ. అంతేకాదు, గర్భమున శిశువు చుట్టునున్న ఉమ్మనీరు నాలుగవ మాసము తరువాత చాలవఱకు శిశువు విడిచిన మూత్రమే. అది తగ్గినచో ఊపిరితిత్తులు సరిగా ఎదుగవు. అందుచేత కొందఱు శిశువులు పుట్టిన గంటలలోనే ఊపిరియాడక పోవుదురు. మూత్రమార్గమున అడ్డుపడుటకును ఊపిరితిత్తులకును సంబంధమున్నదని మా తరగతివారు మొదట నమ్మలేదు.

పుట్టకమునుపే అడ్డు తొలగింపరాదా? సాన్‌ఫ్రాన్సిస్కోలో మైకెల్ హారిసన్ గారు 1981లో తల్లిగర్భమును తెఱచి అట్టి శస్త్రచికిత్సను మొదటిసారి చేసిరి. ఆ శిశువు బ్రతుకలేదు. తరువాత గర్భము తెఱవక సన్నని గొట్టమును శిశువు మూత్రాశయములోనికి దింపి, మూత్రమును ఉమ్మనీటిలోనికి మళ్ళించు పద్ధతి వచ్చినది. 2013లో వెలువడిన బ్రిటను పరీక్షలో 31 మంది గర్భిణులు పాల్గొనిరి. అనుకొన్నంతమంది దొరకక దానిని ముందుగానే నిలిపిరి. గొట్టము దింపిన శిశువులు బ్రతుకుట కొంత మెఱుగైనట్లు కనబడినను, రెండేండ్ల వయస్సున మూత్రపిండములు చక్కగా పనిచేయుచున్నవారు ఇద్దఱు మాత్రమే. అడ్డు కనబడునంత పెద్దదగునప్పటికే లోపల సంభాషణ చాలవఱకు తప్పిపోయి యుండును. తూము తెఱచినంత మాత్రమున మొలకెత్తని విత్తనము మొలచునా?

అందుచేతనే కావలివాని కుమారునికి అడ్డు తీసినను పూర్వస్థితి రాలేదు. రాదగిన పూర్వస్థితియే వానికి లేదు. వాని మూత్రపిండములలోని గొట్టములు మూత్రమును చిక్కపఱుపలేవు. కావున మూత్రము హెచ్చు, దాహము హెచ్చు, తరగతినుండి బయటికి పోవుట హెచ్చు. మూత్రపిండములు చాలనివారికి శరీరపు పెరుగుదలకు కావలసిన హార్మోను రక్తములో నున్నను, కణములు దాని మాటను సరిగా వినవు, అందుచే పొట్టితనము. నేను సోమరితనమనుకొనినది, వాడు తల్లికడుపులో నున్నప్పుడు పడిన దెబ్బ. మూత్రము నాపుకొనుట అట్టివానికి మఱింత హాని. నిండిన మూత్రాశయపు ఒత్తిడి మరల మూత్రపిండములకే తగులును.

గచ్చిబౌలి తల్లి సంగతి వేఱు. ఆమెకు నేను చెప్పినది, వైద్యులు చెప్పినదియు, ఇది: గర్భస్థ శిశువులలో ఇంచుమించు నూటికొకరికి మూత్రపిండమున నీరు చేరినట్లు పరీక్షలో కనబడును, వారిలో పెక్కుమందికి అది తనంత తానే తగ్గిపోవును. ఉబ్బినదెల్ల అడ్డు కాదు. ఏది నిజమైన అడ్డో, ఏది కాదో ఒక్క చిత్రము చూచి చెప్పజాలరు. శిశువు పుట్టిన తరువాత మరల చూచి, అవసరమైనచో స్వల్పమైన రేడియోధార్మిక పదార్థమును రక్తములోనికి ఎక్కించి, ఏ మూత్రపిండము ఎంత పని చేయుచున్నదో, మూత్రము ఎంతసేపటిలో దిగుచున్నదో కొలుతురు. పని తగ్గిపోవుచున్నచో ఇఱుకైన భాగమును కోసివేసి తిరిగి అతుకుదురు. 1949లో ఆండర్సన్, హైన్స్ అను ఇంగ్లాండు వైద్యులు వర్ణించిన ఈ శస్త్రచికిత్స ఫలవంతమైనదే; పద్ధతులు మాఱినను దాని సూత్రము నేటికిని నిలిచియున్నది. తొందరపడి కోసినచో అవసరములేని బాధ. ఆలసించినచో తిరిగిరాని నష్టము. కావుననే పలుమారులు కొలిచి చూచుట. శిశువుల మూత్రములో ఇ.జి.ఎఫ్. పరిమాణమును కొలిచి అడ్డు తీవ్రతను ముందే తెలిసికొనవచ్చునా యనియు పరిశోధనలు సాగుచున్నవి. నిజమైన అడ్డు గల పిల్లలలో అది తక్కువగా నున్నట్లు కొన్ని పరీక్షలు చూపినవి. గచ్చిబౌలి వంటి చోట సూదికొనంత కంప్యూటరు భాగములో లక్షల తీగలు పేర్చుచున్నారు. ఒక చెంచాడు మూత్రమును చూచి ఈ బిడ్డకు కత్తి కావలెనో వలదో నిశ్చయముగా చెప్పు సాధనము మాత్రము ఇంకను రావలసియున్నది.

ఆమెవంటి వారికి సొంతఖర్చు పెట్టుకొను ఆసుపత్రులు కార్యాలయముల ప్రక్కనే యున్నవి. కావలివానివంటి వారికి రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి, పంజగుట్టలోని నిమ్స్ ఉన్నవి. దూరమును, వరుసలో నిలుచుండవలసిన ప్రొద్దును ఎక్కువ. ఒకనాటి కూలిని వదలుకొని ఆ వరుసలో నిలుచువారి ఓర్పును నేను చూచితిని. మగశిశువు మూత్రము ధారగా రాక బొట్టుబొట్టుగా వచ్చినను, పొత్తికడుపు గట్టిగా ఉబ్బియున్నను, కారణము తెలియని జ్వరము మరల మరల వచ్చినను, రేపు చూతమనక ఆ దినమే తీసికొనిపోవలెను.

కావలివాడు ఆ తరువాత ఇంకొకసారి వచ్చినప్పుడు మేమిద్దఱము వేపచెట్టు క్రింది బల్లమీద కూర్చుంటిమి. నేను పైని వ్రాసినదంతయు నారుమడి మాటలతో చెప్పితిని. ఆయన మహబూబునగరు జిల్లానుండి వలసవచ్చినవాడు, నాటుకాలము తెలిసినవాడు. విని, కొంతసేపు మాటలాడలేదు. "అట్లయినచో తప్పు మాది కాదన్నమాట" అనెను. వాని తల్లి గర్భముతో నున్నప్పుడు ఇటుకలు మోసినదనియు, అందువలననే బిడ్డకిట్లయినదని ఇరుగుపొరుగువారు పదునొకండేండ్లుగా అనుచుండిరనియు అప్పుడు చెప్పెను. ఇటుకలకును ఆ పొరకును ఏ సంబంధమును లేదని నేను చెప్పితిని. దానిని కాగితముమీద వ్రాసి యిమ్మనెను. ఇంటికి తీసికొనిపోయి చదివి వినిపించుటకట. వ్రాసి యిచ్చితిని. బాలుని బల్లను ఆ వారముననే తలుపు ప్రక్కకు జరిపించితిని. వాడు పదవ తరగతి ముగియువఱకు అచ్చటనే కూర్చుండెను.